వాణిజ్య భవనానికి సెప్టిక్ వ్యవస్థ: ట్యాంకు పెద్దదైతే సరిపోతుందా?

కొత్త_నిర్మాణం

సభ్యులందరికీ నమస్కారం. మురుగు కాలువ లేని స్థలంలో మేము రెండంతస్తుల వాణిజ్య భవనం కడుతున్నాము. కింది అంతస్తులో 60 కుర్చీల రెస్టారెంటు, పై అంతస్తులో సుమారు 80 మంది పనిచేసే కార్యాలయాలు వస్తాయి. 10,000 లీటర్ల సెప్టిక్ ట్యాంకు ఒకటి, దాని పక్కన 2 మీటర్ల వ్యాసంతో 3 మీటర్ల లోతున్న ఇంకుడు గుంట ఒకటి చాలునని గుత్తేదారు అంటున్నారు. ఇంటికి వేసే లెక్కనే మనుషుల సంఖ్యతో హెచ్చించినట్టు కనబడుతోంది కనుక నాకు నమ్మకం కుదరడం లేదు. ట్యాంకును ఇంకా పెద్దదిగా కడితే నిశ్చింతగా ఉండవచ్చా? భవనం వెనుక 40 మీటర్ల పొడవు, 35 మీటర్ల వెడల్పు ఖాళీ స్థలం ఉంది. దానిని వాహనాలు నిలపడానికి వాడదామని అనుకున్నాము.

నేల_పరిశీలకుడు

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. సెప్టిక్ ట్యాంకు మురుగును శుద్ధి చేసి ముగించే పరికరం కాదు. బరువైనది అడుగున మడ్డిగా దిగడానికి, తేలికైనది పైన తెట్టుగా తేలడానికి, మధ్యనున్న నీరు కొంత తేటపడి బయటికి పోవడానికి అది వ్యవధి ఇస్తుంది, అంతే. సేంద్రియ కాలుష్యాన్ని కొలిచే బీఓడీలో 30 నుంచి 50 శాతం మాత్రమే ట్యాంకులో తగ్గుతుంది. మిగిలిన పని నేలదే. కాబట్టి మీరు మొదట అడగవలసిన ప్రశ్న ట్యాంకు ఎన్ని లీటర్లదని కాదు, మీ నేల రోజుకు ఎన్ని లీటర్లు తాగగలదని.

దానికి పరీక్ష ఉంది. నీరు ఇంకించదలచిన లోతులోనే గుంతలు తవ్వి, ముందురోజు నీటితో బాగా నాననిచ్చి, మరునాడు నీటిమట్టం 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో కొలవాలి. నాననివ్వకుండా పొడి నేలలో కొలిచిన అంకె ఎంత ఆశాజనకంగా ఉన్నా దానిని లెక్కలోకి తీసుకోకండి. 1920ల కాలంలో న్యూయార్క్ రాష్ట్రంలో హెన్రీ రయాన్ చేసిన పరిశీలనల నుంచి వచ్చిన సూత్రం ఇప్పటికీ తొలి అంచనాకు పనికొస్తుంది. 204ను ఆ నిమిషాల వర్గమూలంతో భాగిస్తే, ఒక చదరపు మీటరు నేల రోజుకు ఎన్ని లీటర్లు పీల్చుకుంటుందో తెలుస్తుంది. 25 నిమిషాలు పట్టే నేలకు అది సుమారు 41 లీటర్లు.

మీ ఇంకుడు గుంటకు గోడలు, అడుగు కలిపినా నేలను తాకే వైశాల్యం 22 చదరపు మీటర్లే. అటువంటి నేలలో అది రోజుకు 900 లీటర్లు మాత్రమే తీసుకుంటుంది. మీ భవనం నుంచి అంతకు ఎన్నో రెట్ల నీరు వస్తుంది.

గొట్టాల_పర్యవేక్షకుడు

నేల విషయంలో పై సభ్యుని మాటతో ఏకీభవిస్తున్నాను గాని, ట్యాంకు పరిమాణాన్ని తక్కువ చేసి చూడవద్దు. ట్యాంకు చిన్నదైతే మధ్యాహ్నం రద్దీలో ఒక్కసారిగా వచ్చిపడే నీరు అడుగున ఉన్న మడ్డిని కదిలించి బయటికి తోసేస్తుంది. ఆ మడ్డి వెళ్లి నేల రంధ్రాలను పూడుస్తుంది. అందుచేత ట్యాంకును రెండింతలు పెంచడం నా దృష్టిలో తొలి మెట్టు. ఇంటికి ఒక రోజు నిలువ చాలునేమో గాని, వాణిజ్య భవనానికి రెండు రోజుల ప్రవాహం నిలిచేటంత పరిమాణం ఉండాలి. రెండు గదులుగా కట్టి, మొదటి గదికి మొత్తం పరిమాణంలో మూడింట రెండు వంతులు ఇవ్వండి. పొడవు వెడల్పుకు రెండు నుంచి నాలుగు రెట్లు ఉంటే నీరు అడ్డదారిన పోకుండా నెమ్మదిగా సాగుతుంది. నీరు బయటికి పోయే గొట్టం, లోపలికి వచ్చే గొట్టం కన్నా 50 నుంచి 75 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. రెండు చోట్లా T అక్షరం ఆకారంలో ఉండే టీ గొట్టాలు తప్పనిసరి. బయటికి పోయే టీలో వడపోత అమర్చడం మరవవద్దు.

జలశుద్ధి

రెండు రోజుల నిలువ, రెండు గదులు అన్న మాటలు సరైనవే. అయితే ఈ భవనంలో అసలు చిక్కు నీటి పరిమాణం కన్నా నీటి గాఢతలో ఉంది. ఇంటి మురుగులో బీఓడీ లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. రెస్టారెంటు వంటగది నుంచి వచ్చే నీటిలో అది 1,000 దాటడం అరుదేమీ కాదు. వంటగది నీరు రోజుకు 5,000 లీటర్లు, గాఢత 1,000 మిల్లీగ్రాములు అనుకుంటే, అది 5 కిలోల బీఓడీ. ఒక మనిషి వాటా రోజుకు 50 నుంచి 60 గ్రాములు కాబట్టి, ఆ వంటగది ఒక్కటే రాత్రింబవళ్లు ఉండే 80 నుంచి 100 మంది జనాభాతో సమానమైన భారాన్ని మోపుతుంది. కుర్చీలు లెక్కించే పద్ధతిలో ఈ భారం కనబడదు.

దీనివల్ల నేలలో జరిగేది ఇది. మురుగునీరు ఇంకే చోట, కంకర మట్టిని తాకే హద్దులో, సూక్ష్మజీవులు ఒక జిగురు పొరను కడతాయి. కొంతవరకు ఆ పొర మేలే చేస్తుంది, క్రిములను పట్టి ఆపుతుంది. కాని వచ్చే నీరు గాఢంగా ఉన్నకొద్దీ పొర మందమై, చివరకు నీటిని కిందికి దిగనివ్వదు. అప్పుడు మురుగు పైకి ఉబుకుతుంది, లేదా వెనక్కి తన్ని కింది అంతస్తు మరుగుదొడ్లలోకి వస్తుంది. ట్యాంకును ఎంత పెంచినా కరిగిన రూపంలో ఉన్న బీఓడీ, సబ్బుతో కలిసి సన్నని బిందువులుగా పాలవలె నీటిలో కలిసిపోయిన నూనె తేటనీటితో పాటే పోతాయి. అందుకే ట్యాంకు పెంచితే సమస్య తీరుతుందన్న మాటతో నేను ఏకీభవించలేను.

పై అంతస్తు సంగతి వేరు. కార్యాలయాల్లో స్నానాలు, బట్టలు ఉతకడం ఉండవు కనుక మూత్రాన్ని పలుచన చేసే నీరు తక్కువ. అక్కడి మురుగులో నత్రజని పాలు ఎక్కువగా ఉంటుంది. దగ్గరలో తాగునీటి బావి ఉంటే, ఆ నత్రజని నేలలో నైట్రేట్‌గా మారి బావికి చేరే విషయం గట్టిగా ఆలోచించవలసి వస్తుంది.

భవన_నిర్వాహకురాలు

వంటగది గురించి నా అనుభవం చెబుతాను. నేను బాధ్యత చూసే ఒక భవనంలో, నేను చేరకముందు కట్టిన వ్యవస్థలో, వంటగది నీరు నేరుగా సెప్టిక్ ట్యాంకులోకే పోయేది. ట్యాంకు నిజంగా పెద్దదే, మడ్డి కూడా తక్కువే ఉండేది, అయినా ఇంకుడు కందకాలు (ట్యాంకు నీరు నేలలోకి ఇంకడానికి తవ్వి కంకర నింపే పొడవాటి కాలువలు) మూసుకుపోయాయి. తవ్వి చూస్తే కంకర అంతా బూడిదరంగు జిడ్డుతో అతుక్కుపోయి ఉంది. వంటగదికి వేరే గొట్టం వేసి, భవనం బయట జిడ్డు తొట్టి కట్టించి, కందకాలను కొత్త చోట వేయించాక గాని పరిస్థితి చక్కబడలేదు.

కనుక జిడ్డు తొట్టిని ఇప్పుడే నిర్మాణంలో చేర్చండి. వంటగది సింకులు, నేల జాలీల నీరు మాత్రమే అందులోకి రావాలి. మరుగుదొడ్డి గొట్టం అందులో కలవకూడదు. వేడి నీటిలో నూనె గట్టిపడదు కాబట్టి, సింకు కింద పెట్టే చిన్న పెట్టె గిన్నెలు కడిగే యంత్రం ఉన్న వంటగదికి చాలదు. నీరు చల్లారి జిడ్డు పైకి తేలే వ్యవధి ఇచ్చే పెద్ద తొట్టి, రెండు గదులతో, బయటే ఉండాలి. పైన తేలిన జిడ్డు, అడుగున చేరిన వ్యర్థం కలిపి లోతులో నాలుగో వంతు చేరగానే ఖాళీ చేయించాలి. వేడి నీళ్లతోనో, జిడ్డును కరిగించే ద్రావణాలతోనో దానిని కిందికి పంపడం అంటే జిడ్డును తొట్టి నుంచి కందకంలోకి మార్చడమే.

కొత్త_నిర్మాణం

అందరికీ కృతజ్ఞతలు. ఇదే తరహా రెస్టారెంటు నడుపుతున్న ఒకరి నీటి మీటరు రీడింగులు రద్దీ రోజులవి తెచ్చుకుని చూశాను. దానికి కార్యాలయాల్లో తలకు 50 లీటర్ల చొప్పున కలిపితే రోజుకు 12,000 లీటర్ల దాకా వస్తోంది. నేల పరీక్ష కూడా చేయించాము. స్థలంలో ఎక్కువ భాగం 25 నిమిషాలకు అటూఇటూ ఉంది. పల్లంగా ఉన్న ఒక మూలలో మాత్రం 64 నిమిషాలు పట్టింది. అక్కడ తవ్విన మట్టిలో బూడిదరంగు, తుప్పురంగు మచ్చలు కనిపించాయి. అన్నిటికీ సగటు తీసుకోవచ్చా?

నేల_పరిశీలకుడు

సగటు తీయవద్దు. ఆ మచ్చలు మీకు ముఖ్యమైన సమాచారం ఇస్తున్నాయి. ఏడాదిలో కొంతకాలం ఆ లోతు వరకు భూగర్భజలం లేచి మట్టి నీటిలో మునిగి ఉంటుందనడానికి అవి గుర్తు. గాలి అందని మట్టిలో ఇనుము రంగు మారి అలా మచ్చలు పడతాయి. పరీక్ష చేసిన రోజు గుంత పొడిగా ఉన్నా సరే, ఆ మూలను పూర్తిగా వదిలేయండి. కందకం అడుగుకూ, ఏడాదిలో అత్యధిక జలమట్టానికీ మధ్య నీరు నిండని మట్టి కనీసం ఒక మీటరు ఉండేలా చూసుకోవాలని నా సలహా. క్రిములు చచ్చేది ఆ మీటరు మట్టిలోనే. బావులకు ఎంత దూరం ఉండాలో స్థానిక నిబంధనలు చెబుతాయి. అవి తక్కువ దూరం చెప్పినా 30 మీటర్లకు తగ్గించకండి.

ఇక లెక్క చూద్దాం. 12,000 లీటర్లను 41తో భాగిస్తే సుమారు 293 చదరపు మీటర్ల ఇంకుడు వైశాల్యం కావాలి. కందకం అడుగు 90 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే మొత్తం పొడవు 325 మీటర్లు దాటుతుంది. ఒక్కొక్కటి 30 మీటర్లకు మించకుండా 11 కందకాలు, మధ్యలో రెండేసి మీటర్ల ఎడం వదిలితే మీ ఖాళీ స్థలంలో దాదాపు మూడింట రెండు వంతులు అదే ఆక్రమిస్తుంది. ఇది జిడ్డు తొట్టి సరిగా పనిచేసి, నీటి గాఢత ఇంటి మురుగు స్థాయికి దిగిన తరువాతి లెక్క అని గుర్తుంచుకోండి. రేపు ఇది విఫలమైతే వాడుకోవడానికి అంతే వైశాల్యం విడిగా ఉంచాలని చాలా చోట్ల నిబంధన ఉంటుంది. మీ స్థలంలో అది కుదరదు.

కందకాలపై వాహనాలు నిలపడం గురించి కూడా ఇక్కడే చెబుతాను. చక్రాల బరువుకు మట్టి అణగి, అందులోని గాలి, నీటి దారులు మూసుకుపోతాయి. పైన కాంక్రీటు పరిస్తే గాలి అసలే అందదు. వాహనాలకు వేరే చోటు చూసుకోక తప్పదు. నిర్మాణం జరుగుతున్నంతకాలం కూడా ఆ స్థలం చుట్టూ కంచె వేసి, ఇసుక లారీలను, యంత్రాలను అందులోకి రానివ్వకండి. ఎన్నో వ్యవస్థలు భవనం ప్రారంభం కాకముందే ఈ ఒక్క కారణంగా పాడవుతాయి.

జలశుద్ధి

స్థలం చాలనప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, వచ్చే నీటినే తగ్గించడం. తక్కువ నీటితో పనిచేసే ఫ్లష్ తొట్లు, కుళాయిలకు ప్రవాహాన్ని తగ్గించే ముక్కులు ఇప్పుడే పెట్టిస్తే పై అంతస్తు వాటా చాలావరకు తగ్గుతుంది. కాని కాలుష్య భారం తగ్గదు, నీరు మాత్రమే తగ్గుతుంది. ఏసీల నుంచి కారే నీరు, వాననీరు, నీటిని మెత్తబరిచే యంత్రం వదిలే ఉప్పునీరు ఈ వ్యవస్థలోకి ఒక్క చుక్క కూడా రాకూడదు.

రెండోది, ట్యాంకు తరువాత గాలి పంపే శుద్ధి యూనిట్ పెట్టడం. సరిగా నడిస్తే బయటికి వచ్చే నీటిలో బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములకు లోపు దిగుతుంది. జిగురు పొర సమస్య చాలావరకు తీరుతుంది, తక్కువ వైశాల్యానికి అనుమతి కూడా దొరకవచ్చు. అయితే దానికి నిరంతర విద్యుత్తు కావాలి, గాలి యంత్రాన్ని చూసుకునే శిక్షణ పొందిన మనిషి కావాలి. ఆ మనిషిని నియమించే ఉద్దేశం లేకపోతే ఆ యంత్రాన్ని కొనవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆగిపోయిన గాలి యూనిట్ మామూలు ట్యాంకు కన్నా హీనంగా పనిచేస్తుంది.

ఏది ఎంచుకున్నా, ట్యాంకు తరువాత ఒక పంపు గది కట్టి, గడియారంతో నడిచే పంపుల ద్వారా నీటిని కందకాలకు విడతలు విడతలుగా పంపండి. మధ్యాహ్నం రెండు గంటల్లో వచ్చిపడే నీటిని ఇరవై నాలుగు గంటలకు పంచగలిగితే, అదే నేల మీకు ఎంతో మెరుగ్గా పనిచేస్తుంది. విడతకూ విడతకూ మధ్య నేలకు గాలి అందుతుంది. పంపులు రెండు ఉండాలి, అవి వంతులవారీగా నడవాలి. నీరు హద్దు దాటితే మోగే అలారానికి పంపులతో సంబంధంలేని వేరే విద్యుత్ లైను ఇవ్వాలి. పంపు ఫ్యూజు పోయినప్పుడే కదా అలారం అవసరమయ్యేది.

గొట్టాల_పర్యవేక్షకుడు

జలశుద్ధి గారి వివరణ చూశాక, జిడ్డు, గాఢత సంగతి తేల్చకుండా ట్యాంకు పెంచడం తొలి మెట్టు కాదని ఒప్పుకుంటున్నాను. 12,000 లీటర్లకు 24,000 లీటర్ల ట్యాంకు మాత్రం తగ్గించవద్దు.

నిర్మాణ సమయంలో ఎవరూ పట్టించుకోని సంగతులు కొన్ని చెబుతాను. జలమట్టం పైకి లేచే చోట ఖాళీ ట్యాంకు పడవలా తేలుతుంది. 24 ఘనపు మీటర్ల ట్యాంకు పూర్తిగా నీటిమట్టం కిందికి వస్తే, దానిని పైకి నెట్టే బలం 24 టన్నులకు మించుతుంది. ట్యాంకు సొంత బరువు, పైనున్న మట్టి బరువు కలిసి దానికన్నా ఎక్కువ ఉండాలి. లేకపోతే అడుగు పలకను గోడల బయటికి పొడిగించి, దానిపై మట్టి కూర్చోబెట్టాలి. జలమట్టం ఎక్కువగా ఉన్న కాలంలో ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించడం కూడా ఇందుకే మంచిది కాదు. మట్టి కప్పకముందే ట్యాంకును నీటితో నింపి ఒక రోజు ఉంచి, మట్టం తగ్గుతుందేమో చూడాలి. కారే ట్యాంకు లోపలి మురుగును బయటికి వదలడమే కాదు, బయటి భూగర్భజలాన్ని లోపలికి లాక్కుని కందకాలను ముంచుతుంది.

కందకాలను తడి బంకమట్టిలో ఎప్పుడూ తవ్వవద్దు. యంత్రపు బకెట్టు అంచు ఆ మట్టిని పామి, అద్దంలా నున్నగా చేస్తుంది. నీరు దానిలోంచి దిగదు. మట్టి పొడిగా ఉన్నప్పుడు తవ్వి, అడుగును పారతో గీరి గరుకుగా చేసి, ఆ రోజే కంకర నింపాలి. మ్యాన్‌హోల్ మూతలు నేలమట్టానికి వచ్చేలా గొంతులు లేపండి. మట్టి కింద పూడిన మూతను ఎవరూ తెరవరు, తెరవని ట్యాంకును ఎవరూ కొలవరు.

భవన_నిర్వాహకురాలు

పర్యవేక్షకుడు గారి చివరి మాట దగ్గరే నిర్వహణ మొదలవుతుంది. ఫలానా ఏళ్లకు ఒకసారి ట్యాంకు ఖాళీ చేయించాలన్న లెక్క ఇళ్లకు సరిపోవచ్చు. రెస్టారెంటు ఉన్న భవనంలో మడ్డి చేరే వేగం వ్యాపారాన్ని బట్టి మారుతుంది కాబట్టి కొలిచి చూడటమే సరైన పద్ధతి. మేము మొదటి ఏడాది మూడు నెలలకోసారి కొలిపించాము. గరుకు తెల్లబట్ట చుట్టిన పొడవాటి కర్రను అడుగుదాకా దించి తీస్తే, మడ్డి ఎంత ఎత్తు ఉందో మరకను బట్టి తెలుస్తుంది. మడ్డి, తెట్టు కలిపి నీటి లోతులో మూడో వంతు చేరితే ట్యాంకర్‌ను పిలవాలి. తెట్టు అడుగు బయటి టీ గొట్టపు కింది అంచుకు 15 సెంటీమీటర్ల దగ్గరకు వచ్చినా, మడ్డి పైభాగం 30 సెంటీమీటర్ల దగ్గరకు వచ్చినా ఆగకూడదు. ఆ కొలతలు కొన్ని చేరాక, మీ భవనానికి తగిన గడువు మీకే తెలుస్తుంది.

ఈ పనులన్నీ మూత పక్కన నిలబడి పైనుంచి చేసేవే. మనిషిని లోపలికి దింపే ప్రశ్నే ఉండకూడదు. ఇది నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచిన మాట. ట్యాంకులో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. గాఢత పదిలక్షల్లో 100 భాగాలకు చేరేసరికి ముక్కు వాసనను గుర్తించడం మానేస్తుంది, అందువల్ల వాసన లేదని దిగినవారు స్పృహ తప్పుతారు, వారిని కాపాడబోయి దిగినవారూ ప్రాణాలు పోగొట్టుకుంటారు. ఖాళీ చేసిన ట్యాంకులోనూ ఈ వాయువు ఉంటుంది. మూతలకు తాళాలు, మూత కింద మనిషి జారకుండా ఆపే జాలీ, పక్కనే హెచ్చరిక పలక తప్పనిసరిగా పెట్టించండి. శుభ్రం చేయడం యంత్రం పని.

అదే వాయువు నీటిమట్టానికి పైన గోడలపై, పైకప్పుపై తేమలో సూక్ష్మజీవుల వల్ల సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి కాంక్రీటును తింటుంది. గాలిగొట్టం భవనం పైకప్పు దాకా ఉండాలి. మూత తెరిచిన ప్రతిసారీ పైకప్పు కింది భాగంలో కంకర బయటపడిందేమో టార్చిలైటుతో చూడాలి.

పై అంతస్తువారితో కూడా మాట్లాడండి. తడి తుడుపు కాగితాలు, శానిటరీ న్యాప్‌కిన్లు మరుగుదొడ్డిలో వేయకుండా ప్రతి గదిలో మూత ఉన్న బుట్ట పెట్టించాలి. నేలలు తుడిచే క్రిమిసంహారకాలను పాచిపనివారు బకెట్లకొద్దీ పారబోస్తే ట్యాంకులోని సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. ఎంత వాడాలో వారికి కొలత పాత్ర ఇచ్చి చూపించడం మాకు బాగా పనిచేసింది.

కొత్త_నిర్మాణం

మీ అందరి సూచనలతో నమూనా మార్చాము. వంటగదికి వేరే గొట్టం, బయట రెండు గదుల జిడ్డు తొట్టి, 24,000 లీటర్ల రెండు గదుల ట్యాంకు, వడపోత, రెండు పంపులున్న గది, పల్లపు మూలను వదిలి రెండు క్షేత్రాలుగా విడదీసిన కందకాలు ఉంటాయి. వాహనాలను భవనం ముందుకు మార్చాము. గాలి యూనిట్‌ను ఇప్పుడు కొనడం లేదు గాని, ట్యాంకుకూ పంపు గదికీ మధ్య దానికి చోటు వదిలాము. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. మొదట్లో సూక్ష్మజీవుల పొడి ఏదైనా వేయాలా? ట్యాంకర్ వెనుక వైపుకు రాలేదు, అది ఇబ్బంది అవుతుందా?

జలశుద్ధి

పొడి అవసరం లేదు. వచ్చే మురుగులోనే కావలసిన సూక్ష్మజీవులు సమృద్ధిగా ఉంటాయి. ట్యాంకును మంచినీటితో నింపి వాడకం మొదలుపెడితే చాలు. మడ్డిని కరిగిస్తామనే రసాయనాల జోలికి అసలు పోవద్దు. రెండు క్షేత్రాలు చేయడం మంచి ఆలోచన. కాని లెక్కించిన 293 చదరపు మీటర్లు రెండింటికీ కలిపి ఉన్నాయి కనుక, పూర్తి రద్దీలో ఒకదాన్ని మూసి రెండోదాన్నే వాడకండి. కార్యాలయాలకు సెలవులు వచ్చి ప్రవాహం తగ్గినప్పుడు వంతులవారీగా విశ్రాంతి ఇవ్వండి. పంపులకు ఎన్నిసార్లు నడిచాయో లెక్కించే మీటరు పెట్టించి, ఆ అంకెను వారానికోసారి పుస్తకంలో రాయించండి. నీటి మీటరు మారకుండా పంపు మీటరు పెరిగిందంటే బయటి నీరు ట్యాంకులోకి వస్తున్నట్టు.

గొట్టాల_పర్యవేక్షకుడు

ట్యాంకర్ దూరంగా నిలిచినా గొట్టం పొడిగించి లాగవచ్చు, పని కొంత నెమ్మదిస్తుంది. అసలు హద్దు ఎత్తుదే. వాక్యూమ్‌తో లాగేది ఆచరణలో 7 మీటర్ల ఎత్తుకు మించి నమ్మకంగా రాదు. కనుక ట్యాంకు అడుగుకూ, ట్యాంకర్ నిలిచే చోటుకూ ఉన్న ఎత్తు తేడా కొలిచి చెప్పండి. 5 మీటర్లకు లోపు ఉంటే, భవనం పక్కనుంచి 100 మిల్లీమీటర్ల గట్టి గొట్టాన్ని ఇప్పుడే భూమిలో వేసి, రెండు చివరలా గొట్టాలు కలపడానికి వీలైన మూతలు పెట్టించండి. ప్రహరీ కట్టిన తరువాత ఆ గొట్టం వేయాలంటే కందకాలకు అడ్డంగా తవ్వవలసి వస్తుంది.

కొత్త_నిర్మాణం

కొలిచాము, 4 మీటర్లకు కొంచెం తక్కువే ఉంది. గొట్టాన్ని నమూనాలో చేర్చి అనుమతికి పంపుతున్నాము. మట్టి ఆరేవరకు కందకాల తవ్వకం మొదలుపెట్టవద్దని గుత్తేదారుకు రాతపూర్వకంగా తెలియజేశాను.